నీలం గీత నిండకముందే

"గీత నిండేదాక ముట్టకు."

"ముట్ట గాని, తిని పో."

"వచ్చి తింట."

గింతే. ఆయనకు నాకు నడుమ ఆఖరి మాటలు గివే. చెప్పులు తొడుక్కుంట అన్నడు, సూపంత టీవీ మీదనే ఉండె. నేను పొయ్యి కాడికెల్లి జవాబిచ్చిన. ఒకరి మొకం ఒకరం సూసుకోలే. రాయి బిడ్డా, గిట్లనే రాయి. మంచిగ జేసి రాయకు.

ఇది రాస్తున్నది మా అన్న బిడ్డ. నాకు నా పేరు రాసుకునే మటుకే అచ్చరాలొస్తయి. ఈ పిల్ల గద్వాలల ఇంటరు సదువుకుంట మా ఇంట్లనే ఉండె. సగం సంగతులు నాకన్న దానికే ఎరుక. నేను తప్పు జెప్తే మొకం ముడుస్తది, అప్పుడు సరిజేసుకుంట.

మాది నేత ఇల్లు. ముంగటి అర్రల గుంట మగ్గం ఉండె. మా ఆయన మీసాలు రాకముందు నుంచి ఆ గుంటల కాళ్లు పెట్టి నేసినోడు. నడుము పోయింది. గుంటలకు దిగితే మల్ల లేవనీకె రాకపాయె. డాక్టరు ఇగ దిగొద్దన్నడు. మగ్గం ఇప్పేసి, గుంటల మన్ను పోసి పూడ్చి, పైన బండలు పరిపించిండు. పరిపించి హైదరాబాదుకు పోయి ఒక తెల్ల డబ్బా తెచ్చిండు. టీవీకి తగిలిచ్చి పిల్లలు ఆడుకునే డబ్బా. పైసలు తీసుకొని ఆడిపిచ్చే దుకాణం ఆ అర్రలనే పెట్టిండు.

బజాట్ల గేముల దుకాణాలు అప్పటికే ఉండె. వాటిల్ల కూసొని బటన్లు ఒత్తుడే. మా ఆయన తెచ్చింది వేరే. చేతిల రిమోటు పట్టుకొని చెయ్యి ఊపితే టీవీల బొమ్మ గూడ ఊపుతది. కట్టె లేకుంటనే కొట్టొచ్చు, బంతి లేకుంటనే ఇసరొచ్చు. మా అర్రల పిల్లలు ఎగురుతుంటే పూడ్చిన గుంట కాడ బండలు డుబ్‌డుబ్ అని మోగేటియి.

డబ్బా పాతది. కంపెనీవాళ్లు పెట్టిన అడ్డాలన్ని ఎవలో ముందే తీసేసిండ్రు. "ఆటకొక సీడీ కొనే పని లేదే, ఒక్కపారి ఈ నల్ల డిస్కులకు ఎక్కిస్తే సాలు" అని ఆయన మస్తు మురిసిండు. నల్ల డిస్కు అంటే అరచెయ్యంత పెట్టె. దానికొక వైరు, వైరుకు రెండు తోకలు. ఒక తోకల నుంచి ఆటలొస్తయి, ఇంకొక తోకల నుంచి కరెంటొస్తది. రెండు తోకలు డబ్బా ఎనుక పెట్టకపోతే డిస్కు లేవదు. ఎవలనన్న అడిగి సీడీ తెస్తడు, డబ్బాల పెడ్తడు. టీవీ మీద నీలం గీత సన్నగ మొదలైతది, నిండుకుంట పోతది. అది మొత్తం నిండితే ఆట డిస్కులకు ఎక్కినట్టు. గీత నడుస్తుంటే ఆయన అర్రల మమ్ముల ఊడ్వనియ్యకపోతుండె.

ఇంకొక సోద్యం ఉండె అండ్ల. మనుషుల బొమ్మలు జేసి పెట్టుకోవొచ్చు. ముక్కు ఏరుకోవాలె, కండ్లు ఏరుకోవాలె, జుట్టు ఏరుకోవాలె. ఈ పిల్ల, మా ఆయన కూసొని ఆయన బొమ్మ జేసిండ్రు. బట్టతల, కండ్లద్దాలు, పెదవి మీద కొసలు ఒంగిన మీసం. చేతులకు భుజం కాడికెల్లి కలుపు లేదు, గుండు గుండు అరచేతులే గాలిల ఉంటయి. అయినా మొకం మాత్రం ఆయనదే. కట్టెతోని బంతి కొట్టే ఆట పెడితే, ఆడెటోళ్లు పోంగ మిగిలిన జాగల్ల ఈ బొమ్మలే వచ్చి నిలవడ్తయి. ఆయన బొమ్మ వెనుక గడ్డిల నిలవడి కండ్లు ఆర్పుతుండె. బంతి ఆయన దిక్కు పోతే పిల్లలు "మామా, పట్టు! మామా, పట్టు!" అని మొత్తుకుంటుండ్రి. పట్టకపోతే "నీ నడుము నొప్పి ఆడ గూడ పోలేదా?" అని నిజం మనిషి దిక్కు తిరిగి ఎక్కిరిస్తుండ్రి. ఆయన పండ్లు కనవడేటట్టు నవ్వుతుండె.

ఆ దినం రాయచూరుల సీడీల దుకాణమున్న ఒకాయన దగ్గర తెచ్చిన సీడీ పెట్టి, గీత మొదలుపెట్టి, వనపర్తికి పోయొస్త అన్నడు. ఆడ ఎవలో ఇంకొక రిమోటు అమ్ముతున్నరంట. బస్సెక్కిండు. పెబ్బేరుల బస్సు ఆగితే నీళ్లు తాగొస్త అని దిగిండంట. సంత దినం. రోడ్డంత ఎడ్లు, గొర్లు, మనుషులు. హోటలు ముంగట బల్ల మీద కూసున్నడంట. కూసున్నోడు కూసున్నట్టే పక్కకొరిగిండంట. దవాఖాన దాక పానం నిలవలే.

కబురు ఫోన్ల వచ్చింది. మా వదినె, అంటే ఆయన అక్క, పక్క గల్లీలనే ఉంటది. అందరికన్న ముందు ఉరికొచ్చింది. మా ఇండ్లల్ల సావు కబురొస్తే మొదలు మగ్గం ఆపుతరు. పోగును అటు ఇటు మోసే నాడె తిరగొద్దు, చప్పుడు ఉండొద్దు. వదినె ముంగటి అర్రల అడుగుపెట్టంగనే ఏం సూసింది? టీవీ నడుస్తుంది, డిస్కు గరగర అంటుంది, నీలం గీత సగం గూడ రాలే. తమ్ముడు పోయిండు, తమ్ముని ఇంట్ల పని నడుస్తుంది. గోడకున్న ప్లగ్గు పట్టి గుంజింది. "వద్దు పెద్దమ్మా!" అని ఈ పిల్ల అనేటాల్లకు టీవీ నల్లగైపాయె.

ఆమెను నేను ఏమీ అన. మగ్గం ఎప్పుడు ఆపినా నేసిన కాడ్నే నిలవడ్తది. ఎన్నొద్దులన్న పోనీ, ఒక్క పోగు కదలదు. మల్ల కూసుంటే ఆడికెల్లే మొదలు. పుట్టినకాడికెల్లి ఆమెకు ఎరుకైన ఆపుడు అదే. డబ్బాలో పని గూడ గట్లనే ఆగుతది అనుకున్నది. నేనైనా గట్లనే అనుకుందును.

పెద్ద దినం అయింది. నా గాజులు తీసిండ్రు, బొట్టు తుడిచిండ్రు. దీపం ముంగట పెట్టనీకె ఫోటో దేవులాడిండ్రు. ఇంట్ల ఉన్నది ఒక్కటే ఫోటో, పెండ్లిది. దాన్నే పెద్దగ జేసి, నన్ను కత్తిరిచ్చి, ఆయనను ఒక్కన్ని అద్దంల పెట్టిండ్రు. నెత్తి నిండ జుట్టు, సన్నటి మెడ, బెదిరినట్టు సూపు. ఆ పిలగానికి నేను దీపం ముట్టిచ్చిన గాని, ఎవలికి ముట్టిస్తున్ననో నాకే అర్థం గాలే. నేను అన్నం పెట్టింది ఆ పిలగానికి గాదు. బట్టతలాయనకు, మీసం కొసలు ఒంగినాయనకు. గా మొకం ఏడున్నది? ఆ బంతాటల తప్ప భూమ్మీద యాడ లేదు.

అందుకే చుట్టాలు పోంగనే ఈ పిల్లను అడిగిన. "కోడలా, జర ఆ డబ్బా పెట్టు. మామను సూస్త."

పెట్టింది. టీవీ మీద అచ్చరాలొచ్చినయి. కింద అంకెలు తగ్గుకుంట పోతున్నయి.

"ఏమని రాసింది?"

"డిస్కు కోసం ఎదురుసూస్తున్న అని రాసింది అత్తా."

అంకెలు అయిపోయినయి. నల్లగైంది. మల్ల పెట్టింది. మల్ల ఎదురుసూసుడే.

"డిస్కు లేకుంట ఒట్టి డబ్బాల మామ బొమ్మ కనవడదా?"

"కనవడాలె గాని, డబ్బా పెట్టంగనే నేరుగ డిస్కు కాడికి పోయేటట్టు మామ చేసిపెట్టిండు. ఎనుకకు పోయే తొవ్వ నాకు తెల్వదు."

ఇగ మొదలైంది మా పరేషాన్. తోకలు ఈ బొక్కలకెల్లి ఆ బొక్కలకు మార్చినం. మొబైలు దుకాణంల కొత్త వైరు తెచ్చినం, దానికి ఒక్కటే తోక, డిస్కు టిక్కు టిక్కు అని పండ్లు కొట్టుకున్నట్టు కొట్టుకున్నది. బెదిరి పాత వైరే పెట్టినం. మెత్తటి బట్టతోని తుడిచినం, నిలువుగ పెట్టినం, అడ్డంగ పండవెట్టినం. ఈ పిల్ల దాని మీద నోటితోని ఊదింది. నేను అరచెయ్యి పెట్టి సూసిన. వెచ్చగున్నది. లోపట సన్నగ తిరుగుతుంది. దీపం ఎలుగుతుంది. అంటే పానం ఉన్నది. తలుపు తీస్తలేదు, అంతే.

పిల్ల కాలేజీకి పోంగనే నేనొక్కదాన్నే పగటీలి ప్లగ్గు పెడుతుంటి. అచ్చరాలు రాకున్నా ఆ వరుస నాకు గుర్తైపాయె. ఎదురుసూస్తున్న, ఎదురుసూస్తున్న. ఎవలు ఎవలి కోసం సూస్తున్నరో నాకు తెల్వకపాయె. చెయ్యి డిస్కు మీదనే పెట్టుకొని కూసుంటి. ఒకనాడు కాళ్ల కింద బండ గూడ వణికినట్టైంది. గుంటల ఎవలో కాలు ఆడిస్తున్నట్టు. లేసి బయటికి పోయి అరుగు మీద కూసున్న. ఉరుకుతున్న లారీకి వణికిందేమో. ఏమో.

వదినె ఒకసారి గట్లనే సూసింది. "ఏందే మరదలా గిది? సచ్చినోన్ని టీవీల దేవులాడుతవా? పోయినోల్ల బొమ్మ ఇంట్ల తిరగొద్దు. గా డబ్బా ఇంట్ల అడుగుపెట్టినంకనే వాడు పోయిండు. ఎవలికన్న ఇచ్చి పడేయ్. అర్ర కడుగు. నా కొడుకు మగ్గం ఏస్తడు."

"గుంట పూడ్చినం గద వదినె."

"పూడ్చింది తోడితే అయితది."

"ఆయన మొకం ఒక్కసారి సూసి ఇస్త" అన్న. నిజంగనే అట్లనే అనుకున్న. ఒక్కసారి సూస్తే సాలు అనుకున్న.

వనపర్తిల బస్టాండు ఎనుక ఒకాయన కంప్యూటర్లు బాగుచేస్తడని ఈ పిల్ల తెలుసుకొచ్చింది. డబ్బా, డిస్కు, వైరు, అన్ని నా పాత చీరల సుట్టి ఒళ్లె పెట్టుకున్న. బస్సు కృష్ణ బ్రిడ్జి దాటింది. పెబ్బేరుల ఆగింది. ఆగుతదని నాకు ఎరుకనే. కొంగు కండ్ల మీదికి గుంజుకున్న గాని, సందుల నుంచి సూసిన. హోటలుంది. బల్లుంది. దాని మీద ఎవలో పంచె కట్టినాయన కూసొని చాయ ఊదుకుంట తాగుతుండు. ఆయన మీద నాకు ఎందుకో శానా కోపమొచ్చింది. లే, లేసి పో అని లోపట్లోపట అనుకున్న. బస్సు కదిలినా ఆయన లేవలే.

కంప్యూటరాయన డిస్కు తన కంప్యూటరుకు తగిలిచ్చిండు. కొద్దిసేపు సూసి నవ్విండు.

"అక్కా, దీంట్ల ఏం లేదు. ఖాళీ డిస్కు."

"ఖాళీ ఎట్లైతది? పిల్లలందరు ఆడిండ్రు అండ్లవే."

"కంప్యూటరు జెప్తుంది. ఇది రాయని డిస్కు, ఫార్మాట్ జేద్దమా అని అడుగుతుంది. జేస్తే కొత్తదైతది. జేద్దునా?" అని ఏలు ఒత్తబోయిండు.

ఈ పిల్ల ఆయన చెయ్యి పట్టుకున్నది. మొగోని చెయ్యి, దుకాణంల, అందరి ముంగట. "ఒత్తొద్దన్నా! మా మామ జెప్పిండు. ఆటల డబ్బా తనకు తెలిసిన తీరుల రాసుకుంటదంట, కంప్యూటరుకు అది సదవనీకె రాదంట. సదవరాక ఖాళీ అంటదంట. ఎప్పుడు అడిగినా వద్దు అనే ఒత్తాలె అన్నడు."

ఆయన చెయ్యి ఎనుకకు తీసుకున్నడు. సదవనీకె రానిది ఖాళీ అంటరా? నా కండ్ల ముంగట పేపరు పెడితే, గింత ఇంకు ఉత్తగ ఎందుకు పోసిండ్రు అని నేను అన్నట్టున్నది.

"మంచిగైంది సెల్లే, చెప్పినవు" అన్నడాయన. "ఆ తీరు సదివే సాఫ్ట్‌వేరు దొరుకుతది. నెట్టుల నుంచి దించాలె. మా నెట్టు సంగతి మీకు తెల్వదు, ఎద్దుబండి దానికన్న నయం. వచ్చేవారం రాండ్రి. డిస్కు ఈడ పెట్టి పోతరా?"

"పెట్ట" అన్న. మల్ల చీరల సుట్టుకొని తెచ్చుకున్న.

రెండోసారి పోయినప్పుడు ఆయన తయారుగున్నడు. డిస్కు పెట్టంగనే ఆటల పేర్లన్ని వరుసగ వచ్చినయి. ఈ పిల్ల ఏలు పెట్టి సదువుకుంట పోయింది. "బంతాట ఉన్నది అత్తా, ఉన్నది!" అన్నది. ఆడ స్టూలుంటే కూసున్న.

"ఉన్నయి గాని, ఆఖరిది సూడు" అన్నడాయన. "దీని పేరు సగమే ఉన్నది. ఎక్కుతుంటే మజ్జల కరెంటు పోయినట్టున్నది. ఇది అడ్డం పడింది. డబ్బా మొదటికెల్లి సదువుకుంట వచ్చి దీని కాడ తట్టుకొని పడుతుంది, అందుకే ఏదీ వస్తలేదు. ఇది తీసేస్తే మిగిలినయి వస్తయి. తీయకపోతే ఇంతే."

"సగమన్న ఉంచనీకె రాదా?"

"సగం ఉంచితే ఏం జేస్తవక్కా? ఆ సీడీ తెస్తే మల్ల మొత్తం ఎక్కిస్త."

సీడీ ఏడిది? రాయచూరాయన పరామర్శకు వచ్చిననాడే వదినె తీసి ఇచ్చేసింది. ఆయన దుకాణం ఏడనో మాకు తెల్వదు. అది ఏం ఆటనో ఎవలికీ తెల్వదు. సగం పేరు సదివితే ఈ పిల్లకు గూడ అర్థం గాలే. ముట్టకు అన్నడు. ఆయన చేతులతోని మొదలుపెట్టిన పనుల్ల మిగిలింది అదొక్కటే. దాన్ని తీసేస్తేనే ఆయన మొకం కనవడతది. తీయకపోతే ఆయన పని ఉంటది, ఆయన ఉండడు.

స్టూలు మీద ఎంతసేపు కూసున్ననో. ఇంకెవలో వచ్చి జిరాక్సు తీసుకొని పోయిండ్రు. కంప్యూటరాయన తొందరవెట్టలే.

"తీసెయ్యి అన్నా" అన్న.

ఒక్క ఒత్తుడు. ఆ పేరు వరుసల నుంచి పోయింది. డిస్కుల నుంచి ఏం చప్పుడు రాలే.

ఇంటికొచ్చి ఈ పిల్ల రెండు తోకలు పెట్టింది. అచ్చరాలొచ్చినయి, అంకెలు తగ్గుతనే ఉండె, అవి అయిపోకముందే బొమ్మలన్ని గల్లుమని వచ్చినయి. అర్రల పాట మోగింది. ఆ పాటకు గల్లీల ఉన్న పిల్లలు ఎనుకకు మర్రిండ్రు. వాకిట్ల నిలవడ్డరు, లోపటికి రానీకె బెరుకు. "రాండ్రి" అన్న. వదినె గూడ పాట ఇని వచ్చింది. దర్వాజ కాడ నిలవడి నెత్తి మీద కొంగు కప్పుకున్నది.

బంతాట పెట్టిండ్రు. పచ్చటి మైదానం. వెనుక గడ్డిల ఆయన. బట్టతల, కండ్లద్దాలు, మీసం. కండ్లు ఆర్పుతుండు. నేను ఏడుస్త అనుకున్న. ఏడుపు రాలే. ఎందుకంటే ఆయన పక్కల ఒకామె నిలవడ్డది. గుండ్రటి మొకం, ఎనుకకు దువ్విన జుట్టు, నొసలు మీద నల్లటి బొట్టు. ఎన్నడు సూడలే నేను.

"ఎవలే ఆమె?"

ఈ పిల్ల టీవీ చప్పుడు తగ్గించింది.

"ఎవలామె? మీ మామ పక్కల ఎందుకు నిలవడ్డది?"

"నువ్వే అత్తా."

"నేనా?"

"ఆ దినం పొద్దుగాల చేసిండు. వచ్చినంక నీకు సూపిస్త అన్నడు. బొట్టు పెట్టనీకె అండ్ల ఏం లేదత్తా. పుట్టుమచ్చ ఒక్కటే ఉన్నది, చెంప మీద పెట్టుకునేది. దాన్నే జరుపుకుంట జరుపుకుంట నొసటి మీదికి తెచ్చిండు. శానాసేపు పట్టింది. నడుమ గాలేదు, అటు పోయింది, ఇటు పోయింది అనుకుంట కొలిచిండు."

మగ్గం మీద బుటా కొలిచినట్టు కొలిచి ఉంటడు. నాకు ఎరుక ఆయన కొలుచుడు.

పిల్లలకు ఇవన్ని ఏం పట్టినయి, ఆడుతనే ఉన్నరు. వదినె మాత్రం లోపటికొచ్చింది. టీవీ దగ్గరికి వంగి సూసింది.

"ఇది నువ్వా?"

"నేనేనంట."

"ముండమోసినదానికి బొట్టేందే? తీపియ్ ముందు. నలుగురు పిల్లలు సూస్తున్నరు."

నేను ఆమెకు ఎన్నడు ఎదురు మాట్లాడలే. ఆ దినం గూడ గట్టిగ అనలే. "గా బొమ్మకు మొగుడున్నడు వదినె" అన్న. "పక్కల్నే నిలవడ్డడు సూడు."

వదినె సూసింది. తమ్మున్ని అప్పుడే సూసినట్టుంది. అప్పటిదాక బొట్టే సూసింది. బండ మీద కూసున్నది. బంతి ఆయన దిక్కు పోయింది, ఆయన చేతులు చాపిండు, పట్టలే. పిల్లలు అలవాటుల నవ్వబోయి వదినెను సూసి ఆగిండ్రు. "నవ్వుండ్రి" అన్నదామె. "వానికి చిన్నప్పటికెల్లి పట్టనీకె రాదు."

దుకాణం మల్ల నడుస్తుంది. ఒక్కసారి సూసి ఇచ్చేస్త అన్న మాట వదినె మల్ల ఎత్తలే, నేనూ ఎత్తలే. ఆటకొచ్చిన పిల్లలు ఇండ్లకు పోతరు. పగటీలి అర్రల ఎవలూ ఉండరు. ఒకనాడు నేను రిమోటు చేతికి తీసుకున్న. నాకూ ఊపాలనిపించింది. ఎవలెవలు ఆడతరో ఏరుకోవాలె అని మొకాలన్ని వరుసగ వచ్చినయి. నా మొకం ఏరుకున్న. మైదానం వచ్చింది. నేను ముంగట కట్టె పట్టుకొని నిలవడ్డ. ఎనుక గడ్డిల ఆయన ఉన్నడు, ఆయన పక్కల జాగ ఉత్తగున్నది. ఆడెటోళ్లు ముంగటికొస్తరు గద. నేను ముంగటికొస్తే ఆడ నేను ఉండ. ఆయన ఉత్త జాగ పక్కల నిలవడి కండ్లు ఆర్పుతుండు. ప్లగ్గు గుంజలే, పద్దతి ప్రకారమే ఆపిన, ఈ పిల్ల నేర్పింది.

అప్పటికెల్లి నేను ఆట ఆడ. ఎవలన్న పిల్లలొచ్చి ఆడుతుంటే గోడకు ఆనుకొని సూస్త. వాళ్లు ఆడితేనే నేను ఆయన పక్కల ఉంట. ఎండలు బాగ కొట్టి పిల్లలు రాకపోతే, గల్లీలకు పోయి నేనే పిలుస్త. ఒక్క ఆట ఆడిపోండ్రి అంట. ఎందుకు పిలుస్తుందో ఈ ముసలిది అనుకుంటరు. అనుకోని.

సాలు బిడ్డా. గొంతు పోయింది. ఇగ మొత్తం ఒకసారి సదువు. మెల్లగ సదువు, నేను ఆపు అనేదాక ఆపకు.